కాపలావాడికి కూలి ఎవరివ్వాలి?

బ్రిటన్‌లో 1976 చట్టం కింద జాతి సమానత్వ కమిషన్ ఏర్పడింది. సభ్యుల్ని నియమించింది హోం మంత్రి, డబ్బిచ్చింది హోం శాఖ. తీరా ఆ కమిషన్, మన ఉపఖండంనుంచి వెళ్లే కుటుంబాలు కూడా ఎదుర్కొన్న వలస తనిఖీలపై విచారణకి పూనుకుంటే, నీకా అధికారం లేదంటూ కోర్టుకెక్కింది ఎవరనుకున్నారు? ఆ హోం శాఖే! కోర్టు కమిషన్ వైపు తీర్పు చెప్పబట్టి సరిపోయింది. నివేదిక 1985లో వెలువడింది.

ప్రజల సొమ్ముతో నడిచే సంస్థని లెక్కాపత్రం అడగాల్సిందే, కాదనను. చేను కాపలావాణ్ణి మేమూ అడుగుతాం. కాని గొడ్లని చేలోకి తోలిన ఆసామి చేతే వాడికి కూలి ఇప్పిస్తామా? 2007లో దాని పనిని సమానత్వ, మానవహక్కుల కమిషన్‌కి అప్పజెప్పారు. నియామకాలు మాత్రం ఇప్పటికీ మంత్రి చేతిలోనే వున్నాయి. లెక్క అడగడమూ, సభ్యుల్ని వెయ్యడమూ పార్లమెంటు చెయ్యాల్సిన పని.