దాంపత్యం, హాస్యం, అపరాధ పరిశోధన

అపరాధ పరిశోధన కథకూ హాస్యానికీ పొత్తు కుదరదని కొందరి అభిప్రాయం. ఒకటి మరణంతో ఆరంభమవుతుంది. మరొకటి మరణాన్ని మరపిస్తుంది. కనుక ఈ రెండూ ఒకే ఒరలో ఇమడవని వారి వాదన. కాని ఆలోచించి చూస్తే వీటి నిర్మాణ సూత్రం ఒక్కటే. ముందొకచోట మామూలుగా వినిపించిన మాట, తరువాత మరొకచోట కొత్త అర్థంతో మెరవడమే చతురోక్తికీ, నేరపు ఆధారానికీ కూడ ప్రాణం. ఈ రెండింటినీ కలిపి తీసిన చిత్రం విఫలమైతే ఆ దోషం ప్రక్రియది కాదు, రచనది.

2019లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ విడుదల చేసిన ‘మర్డర్ మిస్టరీ’ అనే అమెరికన్ చిత్రం ఇందుకు నిదర్శనం. మొదటి మూడు దినాలలోనే 3 కోట్లకు పైగా ఖాతాలలో దీనిని చూచినట్లు ఆ సంస్థ ప్రకటించింది. ఆదరణకు లోటు లేదు. లోటంతా వస్తువును నిర్వహించిన తీరులోనే ఉన్నది.

నాయకుడు నిక్ (ఆడమ్ శాండ్లర్) న్యూయార్కు పోలీసు ఉద్యోగి. డిటెక్టివ్ పరీక్ష తప్పినా, ఆ పదవి లభించినట్లు భార్యకు అబద్ధం చెబుతాడు. భార్య ఆడ్రీ (జెన్నిఫర్ అనిస్టన్) కేశాలంకరణ వృత్తిలో ఉన్నది. ఆమెకు డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. పెళ్లినాటి నుండి వాయిదా పడుతూ వచ్చిన ఐరోపా యాత్ర పదిహేనేండ్లకు గాని సాగదు. విమానంలో పరిచయమైన ఒక ధనికుని ఆహ్వానంపై వారు విలాస నౌక నెక్కుతారు. అక్కడ వృద్ధ కోటీశ్వరుడు మాల్కమ్ క్విన్స్ తన ఆస్తిని కాబోయే యువభార్యకు వ్రాసి ఇవ్వబోతుండగా దీపాలు ఆరిపోతాయి. మరల వెలిగేసరికి అతడు హతుడై ఉంటాడు. అనుమానం ఈ దంపతులపై పడుతుంది.

ఎంత చక్కని వస్తువు! పరుల అబద్ధాలను పట్టుకోవలసినవాడు తన ఇంటిలోనే అబద్ధమాడినవాడు. హంతకుని వెదకే తర్కంతోనే ఆడ్రీ తన భర్త గుట్టును కూడ ఛేదించి ఉంటే, నవ్వూ సత్యమూ ఒకే దారిన నడిచేవి. కాని చిత్రంలో జరిగినది వేరు. అబద్ధం బయటపడడం, కొంత వాగ్వాదం, అంతలోనే కాల్పులు, కార్ల పరుగులు! అనుమానితులైన సైనికాధికారి, కారు పందేల వీరుడు, సినీనటి, భారతీయ మహారాజు మనుషులుగా గాక మూసబొమ్మలుగానే మిగిలిపోతారు. నేర పరిశోధనను ఎంతో నిష్ఠతో చిత్రించిన ‘జోడియాక్’ (2007) రచయిత జేమ్స్ వాండర్‌బిల్టే దీనికీ రచయిత అన్నప్పుడు నిరాశ ఇనుమడిస్తుంది.

ఇట్టి కథ సాధ్యం కాదా అంటే, 1934లోనే సాధ్యమయింది. డాషియెల్ హామెట్ నవల ఆధారంగా వచ్చిన ‘ది థిన్ మాన్’లో విలియమ్ పావెల్, మిర్నా లాయ్ భార్యాభర్తలుగా నటించారు. వృత్తి మానుకున్న డిటెక్టివ్ భర్తను మరల పరిశోధనకు పురికొల్పేది భార్య కుతూహలమే. వారి సరస సంభాషణ కథను ఆపదు, ముందుకు నడుపుతుంది. అందులోని మితిమీరిన మద్యపానాన్ని మనం మెచ్చకపోవచ్చు. ఆ దంపతుల పరస్పర గౌరవాన్ని మెచ్చక తప్పదు. ఉర్దూ పాఠకులకు ఇబ్నె సఫీ 1955లో ఆరంభించిన ఇమ్రాన్ కథలు చిరపరిచితాలే. ఇమ్రాన్ వెర్రిబాగుల వేషం వట్టి వినోదం కాదు, అతని ఆయుధం.

2023లో వచ్చిన రెండవ భాగంలో ఈ దంపతులు వృత్తి డిటెక్టివులై, ఆ మహారాజు వివాహానికే అతిథులుగా వెళ్తారు. భారతీయ వివాహం రంగుల తెరగా మాత్రమే ఉపయోగపడింది. అంతలో వరుని అపహరణ, చివరకు పారిస్‌లోని ఐఫెల్ గోపురంపై పోరాటం. హంగు పెరిగింది, బుద్ధికి పని తగ్గింది.

కాలక్షేపపు చిత్రానికి ఇంత విచారణ ఎందుకని మన విద్యార్థులు అడుగవచ్చు. కాలక్షేపమైనా అది మన కాలమే గదా! నవ్వించడమంటే ప్రేక్షకుని బుద్ధిని నిద్రపుచ్చడం కాదు. భర్త అబద్ధం క్షమింపదగినదే కావచ్చు. కాని విచారణ లేని క్షమ కథకు గాని, కాపురానికి గాని బలం చేకూర్చదు.