గోలు కంటే ముందు వచ్చే కేక

2022 డిసెంబరు 18న ఖతార్‌లోని లుసైల్ క్రీడాప్రాంగణంలో అర్జెంటీనా, ఫ్రాన్సు జట్లు ప్రపంచ ఫుట్‌బాల్ ఫైనల్‌కు దిగినప్పుడు మన గడియారాలలో రాత్రి 8.30 గంటలు. పుదుచ్చేరి పట్టణానికి అది పరాయివారి పోరు కాదు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, మన తెలుగు యానాం 1962లో చట్టరీత్యా భారతదేశంలో విలీనమైనప్పుడు ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎన్నుకొన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వారి సంతతి నేటికీ ఫ్రాన్సు ఎన్నికలలో ఇక్కడినుండే ఓటు వేస్తున్నది.

79 నిమిషాలు గడిచేవరకు ఫ్రాన్సు రెండు గోల్స్ వెనుకబడి ఉన్నది. 80వ నిమిషంలో ఎంబాపె పెనాల్టీని గోలుగా మలిచాడు. 97 సెకన్లు తిరగకుండానే రెండవ గోలు చేశాడు. ఆ ఆటను ఇంటర్నెట్ ద్వారా చేతిఫోనులో చూస్తున్న అభిమానిని ఒక్కసారి ఊహించండి. అతని తెర అసలు ఆటకంటే ముప్పై, నలభై సెకన్లు వెనుక నడుస్తూ ఉంటుంది. మొదటి గోలు సంబరం తీరి ఆట మళ్లీ మొదలైందో లేదో, పక్కింటి టెలివిజను ముందునుండి పెద్ద కేక! రెండవ గోలు ఆ అభాగ్యుని కంటికంటే ముందు చెవికి చేరింది.

ఈ ఆలస్యానికి కారణం సులభమే. ఇంటర్నెట్‌లో దృశ్యం ధారగా ప్రవహించదు. కొన్ని సెకన్ల నిడివిగల తునకలుగా తెగి ప్రయాణిస్తుంది. దారిలో అంతరాయం కలిగినా బొమ్మ ఆగకుండా ఉండేందుకు ఫోను కొన్ని తునకలను ముందుగా నిలవ చేసుకొని గాని చూపదు. "గోల్" అనే రెండక్షరాల సందేశానికి అటువంటి బరువు లేదు. అది రెప్పపాటులో వచ్చి పడుతుంది.

రాత్రి విధులలో ఉండి, మరునాడు ఆట చూడదలచినవారి కష్టం ఇంకొక తీరు. పూర్వం రేడియో కట్టి, దినపత్రికను మడిచి పెడితే చాలును. అదైనా సులభం కాదని 1973లోనే బి.బి.సి. ఒక హాస్యనాటికలో చూపించింది: ఇద్దరు మిత్రులు సాయంకాలపు ప్రసారందాకా ఇంగ్లండు ఆట ఫలితం చెవిన పడకుండా ఊరంతా దాగుకొంటూ తిరుగుతారు. తీరా చూస్తే వానవల్ల ఆటే జరగలేదు! నేడు దాగుకొనేందుకు ఊరు చాలదు. వార్త జేబులోనే ఉంటుంది.

ముగింపు ముందే తెలిస్తే నష్టమేమిటని అడిగేవారూ ఉన్నారు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖలో ఇద్దరు మనస్తత్వవేత్తలు పాఠకులకు చిన్నకథల ముగింపును ముందే చెప్పి చూడగా, వారు ఆ కథలను మరింత ఇష్టపడ్డారట. కాని కథకు రచయిత ఉన్నాడు. ఆటకు రచయిత లేడు. ఏమవుతుందో ఎవరికీ తెలియకపోవడమే దాని ప్రాణం.

మార్గాలు లేకపోలేదు. క్రీడావార్తల యాప్‌ల గంటలను ఆపివేయవచ్చును. ఎక్స్ వంటి చోట్ల జట్ల పేర్లను, ఆటగాళ్ల పేర్లను మ్యూట్ చేయవచ్చును. ఆట రికార్డింగును శీర్షికలు, బొమ్మలు కనబడే పుటనుండి కాక నేరుగా తెరవడం మంచిది. ఇంతచేసినా నిడివి గుట్టు విప్పుతుంది: రెండు గంటలలో ముగియవలసిన రికార్డింగు మూడు గంటలకు చేరువైతే అదనపు సమయం, పెనాల్టీలు ఖాయమని తెలిసినవాడు గ్రహిస్తాడు. అన్నిటికంటే గట్టి చిక్కు కుటుంబపు వాట్సాప్ బృందం. "చెప్పవద్దు" అని పారిస్‌లోని మేనమామను వేడుకొంటే, "సరే, చెప్పను, ధైర్యంగా ఉండు" అని జవాబిచ్చే ప్రేమమూర్తి ఆయన.

ఆ రాత్రి ఆట 3-3తో నిలిచి పెనాల్టీలకు వెళ్లింది. అర్జెంటీనా 4-2తో గెలిచింది. చివరి బంతిని మాంటియెల్ వలలోకి కొట్టే ఘట్టం ఫోనులో ఇంకా రాకముందే, ఫ్రాన్సు అభిమానుల ఇళ్లన్నీ ఒక్కసారిగా మూగవోయి ఉంటే ఆ నిశ్శబ్దమే వార్త. అదైనా మెస్సీ అభిమాని ఒక్కడూ లేని వీధిలో మాత్రమే. అటువంటి వీధిని పుదుచ్చేరిలో వెదకి పట్టుకోవడం కష్టం.