కసల్, సకల్

తగాలోగ్ భాషలో పెళ్ళిని 'కసల్' అంటారు. క, స తారుమారైతే 'సకల్'. అంటే గొంతు నులమడం. 2007లో ఒక ఫిలిప్పీన్స్ హాస్యచిత్రానికి ఏకంగా 'సకల్, సకాలి, సక్లోలో' అనే పేరు పెట్టారు. చివరి మాటకు 'కాపాడండి' అని అర్థం.

నవ్వు అక్కడితో సరి. వాటికన్‌ను పక్కన పెడితే, అందరికీ వర్తించే విడాకుల చట్టం లేని దేశం ఫిలిప్పీన్స్ ఒక్కటే. 1977 నాటి ప్రత్యేక చట్టం వల్ల ముస్లింలకు ఆ వీలుంది. మిగిలినవాళ్ళు అసలా పెళ్ళే చెల్లదని కోర్టులో రుజువు చేసుకోవాలి, లేదంటే మంచం, కంచం వేరు చేసుకోవడానికి అనుమతి తెచ్చుకోవాలి. మొగుడు పదేపదే కొట్టాడన్నది ఈ రెండోదానికే పనికొస్తుంది. అనుమతి చేతికొచ్చాక కూడా ఆమె అతని భార్యే. మన పిల్లలు చాలామంది వైద్యం చదవడానికి అక్కడి దవావో నగరానికి వెళుతున్నారు. ఆ దేశం మనకిప్పుడు మరీ పరాయిదేమీ కాదు. వాళ్ళ సినిమాలే మన దాకా రాలేదు.

వచ్చివుంటే మొదట చూడాల్సింది 'బ్రూటల్'. మరిలూ డియాజ్-అబయా దర్శకత్వంలో, రికీ లీ రచనతో 1980 మనీలా చలనచిత్రోత్సవానికి వచ్చింది. క్రిస్మస్ రోజుల్లో జరిగే పండగ అది. ఇంటిల్లిపాదీ సినిమాకు పోయే ఆ రోజుల్లో తెర మీద మోనికా అనే ఇల్లాలు. మొగుణ్ణీ, అతని స్నేహితులనూ చంపేసింది. ఎందుకని అడిగితే పెదవి విప్పదు. విలేకరి క్లారా తల్లిని అడుగుతుంది, స్నేహితురాలు సింథియాను అడుగుతుంది. తలా ఒక ముక్క చెబుతారు. ఆ ముక్కల్ని అతికించుకుంటూ పోతుంటే మనకు అర్థమయ్యేది ఒకటే: మోనికా చుట్టూ మనుషులకు కొదవ లేదు, ఆమె మాట వినే తీరిక మాత్రం ఎవరికీ లేకపోయింది. ఆ వేషం వేసిన ఏమీ ఆస్ట్రియాకు ఉత్తమ నటి బహుమతి దక్కింది.

దెబ్బలు తిన్న ఆడది చివరి రీలులో పదిమందిని మట్టి కరిపిస్తుంటే చప్పట్లు కొట్టాలని నాకూ ఉంటుంది. కానీ ఆ చప్పట్లతో మన బాకీ తీరిపోయినట్టు అనిపిస్తుందే, అదే చిక్కు. 'బ్రూటల్' ఆ అవకాశం ఇవ్వదు. కత్తి దిగిన తర్వాత కూడా మోనికా బయటపడలేదు. ఒక గది నుంచి ఇంకో గదికి మారిందంతే.

ఇది కథకే పరిమితమైందా అంటే, కాదు. 1995లో లేటె ద్వీపంలో నిండు గర్భిణి ఒకామె, ఏళ్ళ తరబడి కొట్టిన భర్తను చంపింది. కింది కోర్టు మరణశిక్ష వేసింది. ఏళ్ళు గడిచాక 2004 జనవరిలో సుప్రీంకోర్టు, నిత్యం దెబ్బలు తినే భార్య మనసు ఏమవుతుందో పరిగణనలోకి తీసుకుని శిక్ష తగ్గించింది. పూర్తిగా నిర్దోషి అనలేదు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 8న, స్త్రీలపైనా పిల్లలపైనా హింసను నిరోధించే చట్టం వచ్చింది. మన గృహహింస చట్టం ఆ మరుసటి ఏడాదిది. వాళ్ళ చట్టంలో, అలాంటి స్థితిలో చంపిన భార్యకు శిక్షే ఉండదు.

అదే చట్టం కింద బరంగాయ్ పెద్ద, మన సర్పంచి లాంటివాడు, భార్యను కొట్టవద్దని, కొడతానని బెదిరించవద్దని భర్తను ఆదేశిస్తూ కాగితం రాసివ్వాలి. ఆ కాగితం పదిహేను రోజులు చెల్లుతుంది. ఆ తర్వాత కోర్టు గుమ్మం ఎక్కాలి. ఎక్కితే రక్షణ దొరకొచ్చు, విడాకులు దొరకవు. చంపితే క్షమించే చట్టం ఉన్న చోట, చంపకుండా విడిపోయే చట్టం లేదు. సినిమావాళ్ళు కత్తులు ఎక్కువ చూపిస్తున్నారని విసుక్కునే ముందు ఈ సంగతి తలచుకోవాలి.

2024 మే నెలలో అక్కడి ప్రతినిధుల సభ విడాకుల బిల్లును ఆమోదించింది. సెనేట్ ఆమోదించకుండానే 2025లో ఆ సభల గడువు తీరిపోయింది.