సోఫాలో కలరా ఉండలు

శ్రావణమాసపు ముసురులో ఒకనాటి ఉదయం పిడుగురాళ్లలోని మా వైద్యశాలకు ఒక తల్లి తన మూడేండ్ల పిల్లవానిని ఎత్తుకొని వచ్చినది. అంతకు పదిరోజుల ముందు వానికి వాంతులు, విరేచనాలు పట్టుకొన్నవి. ఆసుపత్రిలో సెలైను ఎక్కించుకొని ఇంటికి తెచ్చుకొన్నారు. విరేచనాలు కట్టినవి, ఆకలి పుట్టినది. కాని కొత్తగా దగ్గు పట్టుకొన్నది. రాత్రివేళ ఛాతీలో పిల్లికూతలు వినబడుచున్నవని ఆమె దిగులు. నాడి చూచుటకు వానిని దగ్గరకు తీసికొనగానే చొక్కా నుండి ఘాటైన వాసన గుప్పుమన్నది. బీరువాలో పట్టుచీరల మడతల నుండి వచ్చెడి వాసన అది.

"కలరా ఉండలు ఎక్కడ పెట్టావమ్మా?" అని అడిగితిని.

"సోఫాలోనండీ అయ్యగారూ. వీడు దాని మీదే వాంతి చేసుకున్నాడు, పక్క కూడా తడిపాడు. ఎన్నిసార్లు తుడిచినా వాసన పోలేదు. ఇవి సందుల్లో వేస్తే వాసనా పోతుంది, మళ్ళీ కలరా రాకుండా ఉంటుందని కొట్టతను చెప్పాడు" అన్నది. పన్నెండు ఉండలు వేసినదట. పిల్లవాడు పగలంతా ఆ సోఫా మీదనే పడుకొనుచున్నాడు.

ఆ ఉండలకు ఈ పేరు పెట్టినవారెవరో గాని, తెలుగు ఇల్లాండ్రకు వారు చేసిన అపకారము ఇంతంత కాదు. అవి నాఫ్తలీన్ ఉండలు. రాతిబొగ్గు తారు నుండి తీయబడెడి ద్రవ్యము. బట్టలను కొట్టెడి పురుగులను తరుముట వాని పని. కలరా అన్నది కలుషితమైన నీటి ద్వారా, ఆహారము ద్వారా కడుపులో చేరెడి సూక్ష్మజీవి వలన వచ్చెడి వ్యాధి. సోఫా సందులోని ఉండ ఆ జీవిని ఏమి చేయగలదు? ఏమియు చేయలేదు. పిల్లవానిని మాత్రము చేయగలదు. జి-6-పి-డి అను ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండెడి పిల్లలు మనలో ఉన్నారు. చూచుటకు వారు ఆరోగ్యముగానే ఉందురు, తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియనే తెలియదు. అట్టివారు నాఫ్తలీన్ ఉండను మ్రింగినను, దాని ఆవిరిని ఎక్కువగా పీల్చినను ఎర్రరక్తకణములు చిట్లిపోవును. ముఖము పాలిపోవును, కన్నులు పచ్చబడును, మూత్రము టీ డికాక్షను రంగులోనికి మారును. ఈ లక్షణములు కనబడినప్పుడు కషాయములతో కాలము గడుపక నేరుగా పెద్దాసుపత్రికి పోవలెను. తెల్లగా, గుండ్రముగా ఉండెడి ఆ ఉండను పసివాడు పిప్పరమెంటు బిళ్ల అనుకొనుటలో వింత కూడ లేదు.

2024 జూలైలో మా పట్టణమున అతిసారము ప్రబలినది. పత్రికలు చదివెడివారికి అది జ్ఞాపకముండును. అటువంటి సమయములలో నీళ్ల గురించి, మురుగుకాలువల గురించి, మందుల గురించి అందరును మాట్లాడుదురు, మాట్లాడవలసినదే. రోగి ఇంటికి తిరిగివచ్చిన తరువాత ఆ ఇంటిలో మిగిలిన వాసనను గూర్చి ఎవరును మాట్లాడరు. అది ఆడవారి పని అని వదలివేయుదురు. ఆ తల్లి సిగ్గుపడి, చుట్టాలు వచ్చుసరికి వాసన పోవలెనన్న ఆత్రములో దుకాణమున దొరికినదెల్ల తెచ్చి సోఫా మీద కుమ్మరించును. ఫినాయిలు, అత్తరు, కర్పూరము, అగరువత్తులు, ఇప్పుడు కొత్తగా డబ్బాలలో వచ్చెడి స్ప్రేలు. ఇవన్నియు వాసనను కప్పునవే గాని తీయునవి కావు. నా ఫిర్యాదు అంతయు ఇక్కడనే ఉన్నది.

మా చిన్ననాడు ఈ చిక్కు లేదు. పిల్లవానికి జబ్బు చేసిన, నులకమంచము మీదనో చాప మీదనో పడుకోబెట్టెడివారు. మంచమును పెరటిలో వాల్చి నాలుగు కడవల నీళ్లు గుమ్మరించి పల్నాటి ఎండలో నిలబెట్టిన, సాయంకాలమునకు వాసన లేదు, నల్లులు కూడ లేవు. బొంతను ఉడుకబెట్టి ఉతికెడివారు. సోఫా అట్టిది కాదు. పైన గుడ్డ, లోపల నాలుగైదు అంగుళముల నురుగుపరుపు. మీరు పైగుడ్డను ఎంత తుడిచినను, మలినము అప్పటికే లోనికి దిగి కూర్చున్నది. పాలు త్రాగెడి పిల్లవాని వాంతి పులిసి చెడ్డ పెరుగు కంపు కొట్టును. మూత్రము నిలువ ఉండి అమోనియా ఘాటును పుట్టించును. కనుక తడి ఆరిన తరువాత పోయిన వాసన ముసురు పట్టగానే మరల లేచును. ఇల్లాలు మాత్రము తన పనిలోనే లోపమున్నదని కుమిలిపోవును.

ఇక మా వైద్యులను గూర్చి కూడ ఒక మాట చెప్పక తప్పదు. ఇట్టి వాసనకు "సాంబ్రాణి వేయండి, గుగ్గిలం వేయండి" అని చెప్పి పంపుట మాలో చాలమందికి అలవాటు. ఇది శాస్త్రసమ్మతమే గదా అందురు. శాస్త్రములో ధూపము ఉన్నమాట నిజము. కాశ్యప సంహితలో ధూపములకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కలదు. చరకుడు శారీరస్థానము 8వ అధ్యాయములో శిశువు పక్కబట్టలను గూర్చి చెప్పుచు యవలు, ఆవాలు, అవిసెలు, ఇంగువ, గుగ్గులు, వస మొదలైనవానిని నేతితో కలిపి పొగ వేయుమన్నాడు. కాని అంతకు ముందు ఏమి చెప్పినాడో చూడుడు. చెమట, మురికి, పురుగులు, మలమూత్రములు అంటిన పక్కను అసలు వాడరాదన్నాడు. వేరొకటి లేని పక్షమున వానినే బాగుగా కడిగి, ధూపము వేసి, శుభ్రముగా ఆరినవానిని వాడుకొనవచ్చునన్నాడు. అనగా మొదటి మాట పారవేయుట. రెండవది కడుగుట. ధూపము ఆ తరువాతిది. మనము మొదటి రెండింటిని మరచి మూడవదానిని పట్టుకొన్నాము.

ఇతరులను అనుట సులువు. ఈ తప్పు నేను కూడ చేసినవాడనే. గురువుగారి ఇంట చదువుకొనునాడు ఆయన మా చేత ముందు గుడ్డలు ఉతికించి, ఎండలో ఆరవేయించి, ఆ తరువాతనే నిప్పులు తెమ్మనెడివారు. మాకది శిష్యుల చేత చాకిరి చేయించుకొనుటగా తోచెడిది. ముప్పది సంవత్సరముల క్రితం తట్టు నుండి అప్పుడే కోలుకొన్న ఒక బాలిక ఇంటిలో దుర్గంధము పోవుటకు గదినిండ ధూపము వేయుమని నేను చెప్పితిని. బాలికను గది నుండి బయటకు తీసికొనిపొమ్మని చెప్పలేదు. ఆ రాత్రి ఆ పిల్లకు ఆయాసము వచ్చి నరసరావుపేట ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చినది. బ్రతికినది, ఇప్పుడు ఆమెకు కూడ పిల్లలున్నారు. జబ్బుతో డస్సిన ఊపిరితిత్తులకు పొగ ఏదైనను పొగయే, గుగ్గులు పొగ గనుక విడిచిపెట్టదు. ఆనాటి నుండి ధూపము మాట నా నోట చివరనే వచ్చును.

ఇక చేయవలసినది చెప్పెదను. చేతులకు తొడుగు వేసికొని, గట్టి అట్టముక్కతో మలినమును ముందు గీరి తీయవలెను. రుద్దరాదు, రుద్దిన లోనికి దిగును. చన్నీటిలో తడిపి పిండిన గుడ్డతో అద్ది అద్ది తీయవలెను. వేన్నీళ్లు వాడిన పాలమరక, నెత్తుటిమరక గట్టిపడి పీచును పట్టుకొనును. సోఫా గవుసెనలకు జిప్పు ఉన్న, తీసి వేరుగా ఉతుకవలెను. ఉతుకుటకు రాని గుడ్డకు కుంకుడుకాయలను మించినది లేదు. పది కాయల పెచ్చులను రాత్రి నానవేసి, ఉదయమున చిలికి, నురుగును మాత్రమే గుడ్డపై పట్టించి, తడిగుడ్డతో తీయవలెను. రసమును పోసిన పరుపు నానిపోవును, లేతరంగు గుడ్డకు మరక కూడ పడవచ్చును. వెనుకవైపు కనబడని చోట ముందు పరీక్షించుట మంచిది.

తరువాతి సంగతి అమ్ల క్షారముల సంగతి. క్షారము వలన కాలినచోట పులుపు ఆ క్షారమును శాంతింపజేయునని సుశ్రుతుడు సూత్రస్థానము 11వ అధ్యాయములో చెప్పినాడు. ఆ సూత్రమే ఇక్కడ పనికివచ్చును. వాంతి వాసన పులుపు. దానికి క్షారము కావలెను. వంటసోడాను కొంచెము చెమ్మగా ఉన్న చోట దట్టముగా చల్లి, రాత్రంతా ఉంచి, తెల్లవారి కుంచెతో దులిపివేయవలెను. నిలువ ఉన్న మూత్రపు వాసన క్షారగుణము కలది. దానికి పులుపు కావలెను. ఒక పాలు వెనిగరుకు రెండు పాళ్లు నీళ్లు కలిపి అద్ది, కొంతసేపటికి మంచినీటి గుడ్డతో తుడువవలెను. రెండును ఒకేసారి కలిపి పోసెడివారున్నారు. బుసబుస పొంగుట చూచి సంతోషింతురు గాని, ఒకదానినొకటి చంపుకొనుటయే ఆ పొంగు. మీకు మిగులునది ఉప్పునీరు వంటిది.

మా ఊరివారికి ప్రత్యేకముగా చెప్పవలసినదొకటి ఉన్నది. సున్నపు బట్టీల ఊరు గనుక మా ఇండ్లలో సున్నమునకు కరువు లేదు. జబ్బు వచ్చిన ఇంటికి వెల్ల వేయుట పెద్దల ఆచారము, మంచి ఆచారము. అంతమాత్రమున పొడిసున్నమును సోఫా మీద చల్లుట తగదు. బట్టీ నుండి వచ్చిన సున్నము చెమ్మ తగలగానే కుతకుత ఉడుకును. అది పిల్లవాని కంటిలో పడిన చూపునకే ముప్పు. పొరపాటున పడిన, నిమ్మకాయ వంటి వైద్యములు చేయక, ధారగా మంచినీటితో ఇరువది నిమిషములు కడుగుచు వైద్యుని వద్దకు పోవలెను. సుశ్రుతుని పులుపు కంటికి కాదు. అట్లే సున్నము మీదికి క్లోరిన్ వాయువును పంపి చేయబడెడి బ్లీచింగ్ పొడి నేలకు, మరుగుదొడ్డికి తగినది, సోఫాకు తగదు. మూత్రము తడిసినచోట అది పడినను, మరుగుదొడ్డి కడిగెడి యాసిడ్‌తో కలిసినను ఊపిరిని పట్టివేసెడి విషవాయువులు పుట్టును.

కడిగినదానిని ఆరబెట్టుటలోనే సగము పని ఉన్నది. నురుగుపరుపును బల్లపరుపుగా పడవేయక అంచు మీద నిలువుగా నిలిపి, రెండు మూడు దినములు ఎండకు, గాలికి ఉంచవలెను. వైశాఖములో ఇది ఒక పూట పని. వానాకాలములో కష్టము, అతిసారములు వచ్చునది కూడ ఆ కాలమందే. తడి ఆరని పరుపు బూజు పట్టి రెండవ కంపును తెచ్చును. నాలుగు దినములు ఫంకా క్రింద ఉంచినను లోపల చెమ్మ తగులుచున్నదా, వాసన వచ్చుచున్నదా? చరకుని మొదటి మాటను వినుడు. సోఫా మొత్తమును పారవేయనక్కరలేదు. సోఫాలు కుట్టెడివానిని పిలిచి ఆ ఒక్క దిండు పరుపును మార్పించిన చాలును.

అంతయు ఆరిన తరువాత ధూపము వేయవలెనని మనసున్నచో వేయుడు. పిల్లలను, ఉబ్బసము ఉన్నవారిని, గర్భిణిని బయటకు పంపవలెను. నిప్పుల మీద చిటికెడు గుగ్గులు, కొద్ది వేపాకు, ఆవాలు, నాలుగు చుక్కల నేయి. ఒక గడియసేపు తలుపులు మూసి, పిమ్మట కిటికీలన్నియు తెరచి, పొగ పూర్తిగా పోయిన తరువాత పిల్లవానిని లోనికి తీసికొనిరావలెను. గుగ్గులు అడిగితే గుగ్గిలము ఇచ్చెడి కొట్లు ఉన్నవి. రెండును వేరు వేరు చెట్ల బంకలు. మైసాక్షి అని అడుగుడు.

ఆ తల్లి ఆనాడే ఉండలను ఏరి సంచిలో కట్టి బయట పారవేసినది. లెక్కకు పదకొండే వచ్చినవట. పన్నెండవది ఏమైనదోనని ఆమె ప్రాణము విలవిలలాడి మధ్యాహ్నము మరల పరుగెత్తుకొని వచ్చినది. పిల్లవాని కన్నులు, గోళ్లు, మూత్రము రంగు చూచి, అయినను నా చూపును నమ్ముకొనవలదని రక్తపరీక్షకు పంపితిని. రక్తము బాగుగానే ఉన్నది. మూడవనాడు సోఫా కుట్టెడివాడు గుడ్డ విప్పగా, ఆ ఉండ నురుగుపరుపు అడుగున చెక్క సందులో దొరికినది. వారమునకు పిల్లికూతలు తగ్గినవి. సోఫా ఉన్నది గాని, పిల్లవాడు ఇప్పుడు నేల మీద చాపపైన, ఉతికిన బొంత మీద పడుకొనుచున్నాడు.