గంగాళముమీది రెండవ పంక్తి

గడచిన వేసవిలో మా మఱది కుమార్తె, చరిత్ర ప్రధానవిషయముగా బి.ఏ. చదువుచున్న పిల్ల, హైదరాబాదునందలి యొక మ్యూజియములో రెండునెలలు పని నేర్చుకొనుటకు వెళ్లినది. ఇప్పటివారు దీనిని ఇంటర్న్‌షిప్పు అనుచున్నారు. మా మఱది మొదట నంగీకరింపలేదు. “పాతగిన్నెలు తుడుచుటకు మధిరలో రైలెక్కి యంతదూరము పోవలయునా? ఆ పని యింటిలో లేదా?” యని ఆయన వాదము. బడిపంతులైన మావారు నచ్చజెప్పగా తుదకు బంపిరి.

మ్యూజియమనగా వింతవస్తువులను అద్దాల బీరువాలలో నుంచు చోటని మేము తలచియుంటిమి. 1951 డిసెంబరు 16వ తేదీన నెహ్రూగారు ప్రారంభించిన సాలార్‌జంగు మ్యూజియమునకు బోయి, గంటలుకొట్టు గడియారమును జూచి వచ్చినదే మా జ్ఞానము. అసలు పని పుస్తకములో నున్నదని పిల్ల తిరిగివచ్చి చెప్పినది. వచ్చిన ప్రతివస్తువునకు నొక సంఖ్య నిత్తురట. కంటికి గనబడని మూల పలుచని పూత పూసి, దానిపై సిరాతో ఆ సంఖ్య వ్రాయుదురు. వలసినపుడు చెఱగక పోక, వస్తువునకు హాని కలుగకుండ దీసివేయవచ్చును. పిదప కొలత, లోహము, ఎవరిచ్చిరి, ఎచ్చట దొరకెను, ఎచ్చట సొట్టపడెను, అన్నియు పుస్తకమున కెక్కించెదరు. చేతిచెమట లోహమును మఱకపఱచును గనుక తొడుగులు ధరింతురు. పాత్రను చెవిపట్టి యెత్తరాదు. అడుగున రెండుచేతులు చేర్చి యెత్తవలయును.

“వస్తువే పోయినచో?” అని యడిగితిమి.

“పంక్తి కొట్టివేయరు, పెద్దమ్మా! పోయినదని ప్రక్కన వ్రాయుదురు” అని పిల్ల బదులు చెప్పినది.

ఆ రాత్రి నాగార్జునకొండ ముచ్చట వచ్చినది. సాగరు నీట మునుగక మున్ను, 1954 మొదలు 1960 వఱకు అచ్చట త్రవ్వకములు జరిపి, దొరకినవానిని నేడు జలాశయమునడుమ దీవిగా నిలిచిన కొండపై మ్యూజియమున భద్రపఱచిరి. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకురాజగు చాంతమూలుని సోదరి చాంతిసిరి యచ్చటి మహాచైత్యమునకు స్తంభములు నిలిపి తనపేరు చెక్కించినది. బోధిసిరి యను ఉపాసిక తాను కట్టించిన చైత్యగృహాదులను బేర్కొనుచు తనవారినందఱిని వరుసగా దలచినది. పదియాఱు వందల యేండ్లు దాటినను ఆ స్త్రీలపేర్లు చెడలేదు. మన ఖమ్మము జిల్లాలో, రామదాసు పుట్టిన నేలకొండపల్లియందును బౌద్ధస్తూపము బయల్పడినదే కదా!

ఇంతలో పిల్ల, “పెద్దమ్మా, మన పెరటిలో పెద్ద యిత్తడిగంగాళ ముండెడిది. దానిమీద పేరు కొట్టించియుండెను. ఏదీ?” యని యడిగినది.

మాకు నోట మాట రాలేదు. ఆ గంగాళము మా యత్తగారి యత్తగారికి సారెగా వచ్చినది. దానిని నిరుడు సంక్రాంతికి ముందు మార్పిడివాని కిచ్చి, స్టీలుడబ్బాలు దీసికొంటిమి. మొదటి పంక్తి ఆమె పేరని యెఱుగుదుము. రెండవ పంక్తి ఆమె పుట్టినూరో, తండ్రిపేరో, ఇచ్చిన సంవత్సరమో! ప్రబంధములలోని శ్లేషలు విప్పిన మాకన్నులు ఆ పంక్తిని పదునైదేండ్లు చింతపండుతో దోమినవే కాని యొకనాడైన జదువలేదు. ఆమెను ఇంటిల్లిపాదియు ‘పెద్దావిడ’ యనిరే కాని యామె పుట్టిల్లు ఏదో చెప్పగలవారు నేడు మా యింట లేరు. భూమిపత్రములలో ఆమె లేదు. ఆమె పేరు వ్రాసియున్న చోటు లోకమందు అదియొక్కటే. దానిని మేమే తూకమునకు వేసితిమి.

పిల్ల మమ్ము నిందింపలేదు. క్రొత్త నోటుపుస్తకము తెచ్చి మొదటి పుటలో ‘1. ఇత్తడి గంగాళము’ అని వ్రాసి, “చెప్పుము పెద్దమ్మా, ఎంత యెత్తు?” అనినది. మోకాలివఱకు అంటిమి. రెండు కడియములు. ఒకప్రక్క మాటు వేసినది. పైన రెండుపంక్తులు, మొదటిది పేరు, రెండవది చదువలేదు. అన్నియు వ్రాసి తుదను, ‘మార్పిడికి పోయినది’ అని చేర్చినది. ఆ మాట చదువుకొన్నపుడు మా కన్నులు చెమర్చెను.

మా మఱది యంతయు వినుచు గూర్చుండెను. లేచి లోపలికి బోయి, తన తల్లి తాంబూలపుపెట్టెను దెచ్చి, రెండుచేతులతో నడుగు పట్టుకొని పిల్లయెదుట నుంచి, “దీనిని రెండవ సంఖ్యగా వ్రాయుము” అనెను.

సోదరీమణులారా! మీ యటుకలమీదను ఇట్టివి యుండును. ఉంచుకొనుటకు చోటులేనిచో ఇచ్చివేయుడు, తప్పులేదు. కాని యీయకముందు దానిమీది యక్షరములు చదువుడు. ఎవరిదో, ఏయూరినుండి వచ్చినదో యింటి పెద్దల నడిగి పుస్తకమున వ్రాయుడు, ఫోటో దీయుడు. అక్షరములున్న చోట చింతపండు, ఇటుకపొడి వేసి రుద్దకుడు. పులుపు లోహమును దినును, రాపిడి గీతలను జెఱపును. మన కిండ్లలో శిలాస్తంభములు లేవు. గంగాళములు, చెంబులు, పళ్లెములే కలవు. చదువుటకు మాత్రము ఆలసింపకుడు.