చేపల తొట్టి కూడా నేలే, మందు సీసాలు పక్కన పెట్టండి

ఈసారి పొలం వదిలి చేపల తొట్టి మీద పడ్డాడేంటి అనుకోకండి. పై వీడియోలో ఉన్న 60 లీటర్ల తొట్టి కాచిగూడలో మా చెల్లెలి ఇంట్లోది. అందులో వచ్చిన సమస్య మాత్రం మనం రోజూ మాట్లాడుకునేదే.

తొట్టినీ, ఆరు గోల్డ్ ఫిష్‌నీ ఒకే రోజు అమ్మారు. అరెకరంలో పాతిక గేదెల్ని కట్టేసినట్టన్నమాట. నాలుగో రోజుకి నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళు కడిగి, నీలం మందు వేయమన్నాడట షాపతను. రెండు చేపలు పోయాయి. మా మేనకోడలు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. యూరియా బస్తా అంటగట్టి, ఆ వెనకే పురుగుమందు డబ్బా అంటగట్టే వ్యాపారానికీ దీనికీ నాకు తేడా కనిపించలేదు.

చేపలు వదిలే వ్యర్థం, మిగిలిన మేత అమ్మోనియా అవుతాయి. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఆవు మూత్రం మన నేలలో మారేదీ ఇదే దారిలో. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త ఈ జీవుల్ని పట్టుకున్నది మట్టిలోంచే. కొత్త తొట్టిలో ఇవి కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి కాపురం పెట్టేది స్పాంజిలో, రాళ్ళ మీద. వాటిని నల్లా కింద కడిగితే క్లోరిన్ చంపేస్తుంది, నీలం మందు మిగతావాటిని దెబ్బతీస్తుంది. మళ్ళీ మొదటికే.

అయితే ఓ బకెట్ జీవామృతం పోద్దామా అని కొందరు మిత్రులు అడుగుతారు. వద్దు! బెల్లం తిని 48 గంటల్లో పెరిగే జీవులు వేరు, అమ్మోనియా తిని నెమ్మదిగా పెరిగే ఇవి వేరు. పైగా అందులోని మూత్రమే చేపలకు విషం. పాత తొట్టిలోని మురికి స్పాంజి ముక్క ఒకటి తెచ్చి పెట్టండి. ఇంతకు మించిన తోడు లేదు.

ఇక పరీక్ష. కిట్ తెచ్చి ముందు సంపులో నీళ్ళు చూడండి, తర్వాతే తొట్టి. నగరంలో చాలా ఇళ్ళల్లో నల్లా నీళ్ళల్లో బోరు నీళ్ళు కలుస్తాయి, బోరులోనే నైట్రేట్ ఉంటే తొట్టిని తప్పుపట్టి లాభం లేదు. అమ్మోనియా అంకె ఒక్కటే చూసినా చాలదు, పీహెచ్ 7 దగ్గర ఉన్నదానికంటే 8 దగ్గర అదే అమ్మోనియా దాదాపు పది రెట్లు విషం. మేత తగ్గించి, బకెట్‌లో ఒక రోజు ఆరబెట్టిన నీళ్ళతో పావు వంతు మార్చుకుంటూ రండి.

వారాలు గడిచినా అమ్మోనియా దిగట్లేదంటే ఆర్‌వో నీళ్ళు పోశారేమో చూడండి. ఈ జీవులు పనిచేస్తూ ఆమ్లం వదులుతాయి, ఆర్‌వో నీళ్ళకి దాన్ని ఆపే శక్తి ఉండదు. పీహెచ్ పడిపోతుంది, పని ఆగిపోతుంది. ఫిల్టరులో గుప్పెడు ఆల్చిప్పలు వేస్తే సర్దుకుంటుంది. కానీ ముందు నీళ్ళు మార్చి అమ్మోనియా తగ్గించాకే వేయండి. పోగుపడిన అమ్మోనియా మీద పీహెచ్ పెంచితే చేపలు ఆ రాత్రికే పోతాయి.

తర్వాత నైట్రైట్ పెరిగే దశ వస్తుంది. చేప రక్తం గోధుమ రంగుకి తిరిగి ఊపిరాడదు. చెరువుల్లో చేపలు పెంచే మన రైతులకి ఇది తెలిసిందే. లీటరుకి ఒక గ్రాము అయోడిన్ కలపని ఉప్పు వేస్తే విషం మొప్పల్లోంచి లోపలికి పోవడం తగ్గుతుంది.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి నైట్రేట్ కనిపిస్తే తొట్టి పండినట్టే. అప్పుడు తీసే నీళ్ళు మిద్దె మీద పాలకూరకి పోసుకోండి. ఉప్పు వేసిన నీళ్ళు మాత్రం కుండీలకు వద్దు.