మిగిల్చిన సొమ్ము ఏమయింది?

బేస్‌బాల్‌లో మైదానం మీది ఆట అక్టోబరుతో ముగుస్తుంది. ఆ తర్వాత ఫిబ్రవరి దాకా ఇంకో ఆట నడుస్తుంది. దానికి బంతీ అక్కర్లేదు, బ్యాటూ అక్కర్లేదు. కాగితాలూ, సంతకాలూ చాలు. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని సాగనంపాలి, ఎవరికి ఎన్నేళ్ళకు ఎంత ఇవ్వాలి అన్నవి ఎక్కువగా ఈ చలినెలల్లోనే తేలతాయి. ఈ రెండో ఆటలో అందరికన్నా తెలివైన జట్టుగా పేరు పొందినది ఓక్లండ్ అథ్లెటిక్స్. ఆ కథలో మొదటి సగాన్నే మనం మెచ్చుకుంటూ వస్తున్నామనీ, రెండో సగం చదివితే గానీ మొదటి సగం అర్థం కాదనీ నా అభిప్రాయం.

మొదటి సగం చాలామందికి తెలిసిందే. 2001లో ఓక్లండ్ 102 ఆటలు గెలిచింది. ఆ చలికాలంలోనే ముగ్గురు ముఖ్యులు వెళ్ళిపోయారు. జేసన్ జియాంబీని న్యూయార్క్ యాంకీస్ ఏడేళ్ళకు 12 కోట్ల డాలర్లిచ్చి తీసుకుపోయింది. జానీ డేమన్ నాలుగేళ్ళకు 3 కోట్ల 10 లక్షలకు బోస్టన్ వెళ్ళాడు. జేసన్ ఇజ్రింగ్‌హౌసెన్ 2 కోట్ల 70 లక్షలకు సెయింట్ లూయిస్ చేరాడు. ఓక్లండ్ మొత్తం జీతాల పద్దు ఏడాదికి సుమారు 4 కోట్లు. యాంకీస్ పద్దు సుమారు 12 కోట్ల 50 లక్షలు. జియాంబీ ఒక్కడికే ఏటా సగటున 1 కోటి 70 లక్షలు పోస్తే తక్కినవారికి మిగిలేదేమిటి?

జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ పోటీకి పోలేదు. మోచేతి నరం దెబ్బతిని ఇక క్యాచర్‌గా పనికిరాడనుకున్న స్కాట్ హేటెబర్గ్‌ను పది లక్షల లోపు జీతానికి తెచ్చి, అలవాటు లేని మొదటి బేస్ దగ్గర నిలబెట్టాడు. ఎలాగైతేనేం బేస్ మీదికి చేరేవాడు విలువైనవాడు, సంతలో ఆ గుణానికి ఇంకా ధర పెరగలేదు అన్నది ఆయన లెక్క. 2002లో జట్టు 103 ఆటలు గెలిచింది. వరుసగా 20 గెలిచింది. ఆ ఇరవయ్యో ఆటను ఆఖరి హోమ్ రన్‌తో గెలిపించినవాడు హేటెబర్గే. 2003లో మైకేల్ లూయిస్ 'మనీబాల్' రాశాడు, 2011లో సినిమా వచ్చింది. ఆ మాట ఆట దాటి ఆఫీసుల్లోకి, మేనేజ్‌మెంటు పాఠాల్లోకి పాకింది. తక్కువ ఖర్చుతో ఎక్కువ సాధించడం అన్నదే దాని సారాంశంగా స్థిరపడింది.

అయితే ఆ 103 గెలుపుల్లో 57 ముగ్గురు కుర్ర పిచర్ల ఖాతాలోవి: బారీ జీటో 23, మార్క్ మల్డర్ 19, టిమ్ హడ్సన్ 15. ముగ్గురూ ఓక్లండ్ స్వయంగా ఎంచి పెంచుకున్నవారే. ఆ ఏడు అమెరికన్ లీగ్ ఉత్తమ ఆటగాడు మిగెల్ తెహాదా కూడా ఆ ఇంట పెరిగినవాడే. హేటెబర్గ్ కథ రుచిగా ఉంటుంది కాబట్టి వెలుగంతా అతని మీద పడింది. బరువు మోసినవారు వీరు.

వీరు చవకగా దొరకడానికి కారణం బీన్ మేధ ఒక్కటే కాదు, ఒప్పందపు నిబంధన కూడా. ఒకప్పుడు ఆటగాడు జీవితాంతం జట్టు సొత్తు. 1969లో తనను అడగకుండా ఫిలడెల్ఫియాకు మార్చినందుకు కర్ట్ ఫ్లడ్ ఎదురుతిరిగాడు. 1972లో సుప్రీం కోర్టులో ఓడాడు. 1975 డిసెంబరులో పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి తీర్పుతో ఆ సంకెల తెగింది. మరుసటి ఏడాది కుదిరిన ఒడంబడిక ప్రకారం ఆరేళ్ళ సర్వీసు పూర్తయితేనే ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు. అందులో మొదటి మూడేళ్ళు చాలామందికి కనీస వేతనానికి కాస్త అటూ ఇటూ. 2002లో ఆ కనీసం 2 లక్షల డాలర్లు. అంటే ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు తక్కువ, సత్తువ తగ్గే వేళకు ఎక్కువ. చలికాలపు తెలివిలో పెద్ద భాగం ఈ ఎగుడుదిగుడు మీద బతికేదే. అది నేరం కాదు. కానీ దాన్ని మేధ అని మాత్రమే పిలిస్తే ఆ కుర్రవాళ్ళ కష్టాన్ని లెక్కలోంచి కొట్టేసినట్టే.

గడువు తీరినకొద్దీ వారూ వెళ్ళారు. 2003 డిసెంబరులో తెహాదా 7 కోట్ల 20 లక్షలకు బాల్టిమోర్ చేరాడు. 2004 డిసెంబరులో రెండు రోజుల తేడాతో హడ్సన్‌నూ, మల్డర్‌నూ ఇతర జట్లకు మార్చేశారు. 2006 డిసెంబరులో జీటో అఖాతం దాటి శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్ళాడు, ఏడేళ్ళకు 12 కోట్ల 60 లక్షలకు. ఆ తరంలో ఓక్లండ్ ఎక్కువ కాలానికి ఉంచుకున్నది ఎరిక్ చావెజ్‌ను: 2004లో ఆరేళ్ళకు 6 కోట్ల 60 లక్షలు. చివరి మూడేళ్ళు గాయాలతో అతను మైదానంలో కనిపించడమే అరుదైంది. జీటో కూడా శాన్ ఫ్రాన్సిస్కోలో ఆ ధరకు తగ్గట్టు ఆడిన కాలం తక్కువ. కాబట్టి పద్దు రాసేవాడి వాదానికి బలం ఉంది. మమకారంతో రాసిన ఒప్పందం గుదిబండ కావచ్చు.

పేద జట్టుకు వేరే దారి ఏదీ అని కూడా అడగవచ్చు. మన ఐపీఎల్‌లో వేలానికి అన్ని జట్లకూ ఒకే సంచి. బేస్‌బాల్‌లో అలా లేదు. ఇంతకు మించరాదన్న కచ్చితమైన హద్దు లేదు, ఇంతకు తగ్గరాదన్న హద్దూ లేదు. మించినవారికి పన్ను ఉంది, అంతే. అందువల్ల 2001 నాటి నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. జియాంబీని వదిలి మిగిల్చిన డబ్బు ఆ వేసవి జట్టులోనే కనబడింది.

నా అభ్యంతరం తర్వాతి దాని మీద. పొదుపు అవసరంగా మొదలై, అలవాటై, చివరికి ఉద్దేశమే అయింది. నిజానికి ఓక్లండ్‌కు ఈ పాఠం ముందే ఉంది. 1972, 73, 74లలో వరుసగా వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టును యజమాని చార్లీ ఫిన్లీ నిలుపుకోలేదు. 1976లో ముగ్గురిని నగదుకే అమ్మబోతే కమిషనర్ అడ్డుపడ్డాడు. ఆ చలికాలంలో ముఖ్యులు చాలామంది స్వేచ్ఛగానే వెళ్ళిపోయారు. 1977లో ఓక్లండ్ తన విభాగంలో ఆఖరున నిలిచింది, ఆ ఏడే పుట్టిన సియాటిల్ కన్నా కింద.

2022 మార్చిలో అదే మళ్ళీ జరిగింది. యజమానులు ఆటగాళ్ళను బయటపెట్టి తాళం వేసిన 99 రోజులు ముగిసిన వారంలోపే క్రిస్ బాసిట్ న్యూయార్క్‌కు, మాట్ ఓల్సన్ అట్లాంటాకు, మాట్ చాప్‌మన్ టొరంటోకు వెళ్ళిపోయారు. అట్లాంటా మరునాడే ఓల్సన్‌తో ఎనిమిదేళ్ళకు 16 కోట్ల 80 లక్షల ఒప్పందం చేసుకుంది. 2023లో అతను 54 హోమ్ రన్లు కొట్టాడు. 2001లో 102 గెలుపులు, 60 ఓటములు ఉన్న ఓక్లండ్‌కు 2022లో 60 గెలుపులు, 102 ఓటములు మిగిలాయి. మరుసటి ఏడు ఓటములు 112.

జనం రావడం లేదు కనుక ఊరు మారుస్తామన్నది యాజమాన్యం మాట. ఇంటి దీపాలన్నీ ఆర్పి చీకటిగా ఉందని అతిథులు రాలేదనడం లాంటిది ఇది. 2023 జూన్ 13న అభిమానులు పిలుపునిచ్చుకుని 27,759 మంది వచ్చి, జట్టును అమ్మేయమని కేకలు వేశారు. ఆ నవంబరులో తక్కిన యజమానులు లాస్ వేగాస్‌కు తరలింపును ఏకగ్రీవంగా ఆమోదించారు. మన తెలుగువారు ఎందరో ఉండే ఫ్రీమాంట్‌కు జట్టును తెస్తామని 2006లో ప్రకటించి 2009లో విరమించుకున్నప్పుడే ఈ చూపు ఎటుందో కొంత తెలిసింది. 2024 సెప్టెంబరు 26న ఓక్లండ్‌లో చివరి ఆటకు 46,889 మంది వచ్చారు. జట్టు 3-2తో గెలిచింది. 2025 నుంచి శాక్రమెంటోలో తాత్కాలిక నివాసం.

అసలు సంగతి ఆ తర్వాతి చలికాలంలో ఉంది. 2004 నాటి చావెజ్ ఒప్పందమే ఇరవయ్యేళ్ళు ఆ జట్టు చరిత్రలో అతి పెద్దది. 2024 డిసెంబరులో పిచర్ లూయిస్ సెవెరీనోకు 6 కోట్ల 70 లక్షలు ఇచ్చి ఆ రికార్డును పది లక్షల తేడాతో దాటారు. (అదే నెలలో న్యూయార్క్ మెట్స్ హువాన్ సోటోకు ఇచ్చింది 76 కోట్ల 50 లక్షలు!) 2025 మొదట్లో బ్రెంట్ రూకర్, లారెన్స్ బట్లర్‌లతో దీర్ఘకాల ఒప్పందాలు కుదిరాయి. అంటే పెట్టెలో డబ్బు ఉంది. ఊరు వదిలిన మూడు నెలల లోపే పెట్టె మూత తెరుచుకుంది.

చలికాలపు నిర్ణయాలను తూచేటప్పుడు మనం సాధారణంగా ఇచ్చిన ధర ఎక్కువా తక్కువా అనే చూస్తాం. నేను ఇంకో ప్రశ్న చేరుస్తాను: మిగిల్చిన సొమ్ము ఏమయింది? అది మరో ఆటగాడయిందా, మంచి మైదానమయిందా, లేక యజమాని ఖాతాలో అంకెగానే ఉండిపోయిందా? 2002లో ఆ ప్రశ్నకు జవాబు మైదానంలో ఆడుతూ కనిపించింది. 2022లో కనిపించలేదు. రెంటినీ కలిపి ఒకే పేరుతో మెచ్చుకోవడం సరికాదు. పొదుపు తెలివైనదా కాదా అన్నది పద్దులో తేలేది కాదు. బిడ్డల్ని వెంటబెట్టుకుని టికెట్టు కొని వచ్చినవారికి అందులోంచి ఏం తిరిగివచ్చిందో చూస్తేనే తేలుతుంది.